పదకొండో అంకె

నాకు పదేళ్లున్నప్పుడు మేము నాచారంలో, గూడ్సు రైళ్లు సిగ్నల్ కోసం ఆగే పట్టాల పక్క వీధిలో ఉండేవాళ్లం. మా తాతయ్య రైల్వే యార్డులో వ్యాగన్ల నంబర్లు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కళ్లు మసకబారినా ఆ అలవాటు పోలేదు. సాయంత్రం రైలు ఆగిందంటే నన్ను పంపేవారు. పట్టాల పక్క గోడకు ఇవతలే నిలబడి ఐదు వ్యాగన్ల నంబర్లు రాసుకొచ్చి చదివి వినిపించాలి. ఒక్కో నంబరుకు పదకొండు అంకెలు.

అది ఫ్యాక్టరీల షిఫ్టు వదిలే వేళ. బండ్ల మీద వెళ్లేవాళ్లంతా నన్నే చూస్తున్నట్టు ఉండేది. ఒకరోజు సిగ్గుతో అక్కడిదాకా వెళ్లలేదు. పక్కింటి అక్క వాళ్ల మెట్ల మీద కూర్చుని ఐదు నంబర్లూ సొంతంగా అల్లేశాను. "ఇదేం హోంవర్కే, అన్నీ అంకెలే?" అని అక్క తొంగిచూస్తే, ఉన్నదంతా చెప్పేశాను.

తాతయ్య ఆ నంబర్లు విని, కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "రైలు కాడికి పోలేదు గదా బిడ్డా" అన్నారు. తిట్టలేదు.

ఎలా తెలిసింది? సంగతి అక్కకొక్కదానికే తెలుసు. ఇక ఆమె మా అమ్మతో నవ్వుతూ మాట్లాడినా నా గురించే అనిపించేది. ఆమె ఇచ్చిన కథల పుస్తకాన్ని సగం చదివి, సంచీలో పెట్టి వాళ్ల గేటుకు తగిలించి వచ్చాను. "అలిగినవా ఏందే?" అని అడిగితే, "నీకు తెల్వదా?" అని లోపలికి వెళ్లిపోయాను. నాకున్న స్నేహం ఆ ఒక్కటే.

వారం గడిచాక, పక్కింటి పిల్ల వస్తలేదేంది అని తాతయ్యే అడిగారు. నా మాట నీకు మోసింది కదా అన్నాను.

"ఆ పిల్ల నాకేం జెప్పలే. నీ నంబరే జెప్పింది" అని కాగితం తెమ్మన్నారు.

వ్యాగన్ మీది పదకొండో అంకె ఊరికే వేసింది కాదట. మొదటి పది అంకెల్లో రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల్లోవి కూడి మూడుతో హెచ్చవేయాలి. మిగతావి దానికి కలపాలి. ఆ మొత్తం పూర్తి పదులు కావడానికి ఇంకా ఎంత కావాలో అదే చివరి అంకె. నేను అల్లినది 30071245683. సరి స్థానాల్లోవి కూడితే ఇరవై రెండు, దానికి మూడింతలు అరవై ఆరు, మిగతావి పద్నాలుగు కలిపితే ఎనభై. ఇంకేమీ అక్కర్లేదు కాబట్టి చివర సున్నా ఉండాలి. నేను మూడు వేశాను. అలా ఐదింటిలో నాలుగు తప్పాయి, ఒకటి ఎలాగో సరిపోయింది. "గా డబ్బా నిజంగనే యాడనో తిరుగుతుండొచ్చు" అని తాతయ్య నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అక్క దగ్గరికి వెళ్లి తలవంచుకుని చెప్పాను. "అడిగితే చెప్తుంటి గదనే" అంది. పుస్తకం మళ్లీ చేతిలో పెట్టింది. కానీ ఆ తర్వాత నేనేదైనా రహస్యం చెప్పబోతే, "వద్దులే తల్లీ, రేపెవరికన్న తెలిస్తే నా మీదికొస్తది" అని సగం నవ్వుతూ ఆపేసేది. మిగతా సగం ఏమిటో నాకు తెలుసు.

ఇప్పటికీ నాకు మనుషుల మీద అనుమానం త్వరగా వస్తుంది. అందుకే ఎవరి గురించైనా డైరీలో చెడుగా రాయబోయే ముందు, పైన చిన్నగా రాసుకుంటాను: వాళ్లను అడిగానా?