చుక్కలైపోయిన పేరు

అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచరుగా చేరినప్పటికి నా డిగ్రీ పూర్తయి ఏడాది కూడా కాలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. రెండో తరగతి నుంచే కంప్యూటరు నేర్పాలని కరెస్పాండెంటుగారి పట్టుదల. ఆ పిల్లలేమో అప్పుడప్పుడే ఇంగ్లీషు చిన్న అక్షరాలు దిద్దుతున్నారు. కీబోర్డు మీద ఉన్నవన్నీ పెద్ద అక్షరాలు. ఎవరికి వాళ్ళు ముందు తమ పేరు, కింది గడిలో పాస్‌వర్డుగా మళ్ళీ అదే పేరు కొడితే గాని కంప్యూటరు తెరుచుకోదు.

"మేడంగారండీ, నా పేరు చుక్కలైపోయిందండీ," అని పాస్‌వర్డు గడి చూసి ఏడ్చేవారు. సగంమంది లాగిన్ అయ్యేసరికే బెల్లు కొట్టేసేవారు.

ఒక ఆదివారం కూర్చుని ఆ పద్ధతి మార్చేశాను. తెర మీద ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ. తన బొమ్మ మీద నొక్కితే చాలు.

బండారులంక నుంచి వచ్చే ఒక పిల్ల విమానం కావాలంది. తండ్రి లేడు. తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. మగ్గాలకి నూలు కండెలు చుట్టే అమ్మమ్మ పెంచుతోంది.

"మా అమ్మ దీంట్లోనే వెళ్ళిందండి. దీంట్లోనే వచ్చేస్తాదండి," అంది. అందరికన్నా ముందు తనే లాగిన్ అయ్యేది.

వానాకాలంలో కబురొచ్చింది. తల్లి పనిచేసే ఇంటి మేడ మీంచి పడి చనిపోయిందన్నారు. నిజంగా పడిందో లేదో అడిగే దిక్కు లేదు. శవం రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. పెట్టె తెరవొద్దన్నారు.

"ఒక్కసారి మొహం చూపించండి బాబూ," అని అమ్మమ్మ పెట్టె తెచ్చిన వ్యాను డ్రైవరుని బతిమాలింది. అతను తల దించుకున్నాడు.

పిల్ల మళ్ళీ బడికొచ్చాక, కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నొక్కమ్మా," అన్నాను.

"ఈ బొమ్మ తీసెయ్యండి."

చిలక చూపించాను. పడవ చూపించాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"బొమ్మ వద్దండి. పేరే కొట్టుకుంటానండి."

తన ఒక్కదానికే పాత పద్ధతి పెట్టాను. మిగతా పిల్లలు రంగులతో బొమ్మలు వేస్తుంటే తను ఒక్కో అక్షరమే వెతుక్కునేది. నేను సాయానికి వంగితే చెయ్యి అడ్డం పెట్టేది. చాలాసార్లు లాగిన్ అవ్వకుండానే పీరియడ్ అయిపోయేది. ఆ పిల్ల పక్కన నిలబడడం తప్ప ఏం చెయ్యాలో నాకు తెలిసేది కాదు.

వేసవి సెలవుల తరవాత బడికి రాలేదు. అమ్మమ్మకి చూపు తగ్గి పని మానేసిందనీ, పిల్లని ముమ్మిడివరం వైపు హాస్టల్లో వేశారనీ తెలిసింది. ఒక ఆదివారం బిస్కట్లు పట్టుకుని వెళ్ళాను. జుట్టు కురచగా కత్తిరించేశారు. గేటు ఊచలు పట్టుకుని నిలబడింది.

"ఇక్కడ బాగుందామ్మా?"

"ఆయ్."

"కంప్యూటర్లున్నాయా?"

"లేవండి."

బిస్కట్లు తీసుకుంది. లోపల ఎవరో పిలిస్తే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.