సీసపు గుళ్లు, మేనత్త పళ్లు

ప్రభువునందు ప్రియ సహోదరులారా! ఇప్పుడు మీ ముందు పైకెత్తిన ఈ కుడిచెయ్యి పోయినేడు వానాకాలంలో అన్నం ముద్ద నోటికి అందించలేక, మణికట్టు దగ్గర విరిగిన కొమ్మలా వేలాడేది!

నౌపడకు తూర్పున సముద్రపొడ్డున మాది చేపలు పట్టేవాళ్ల పేట. ఈమధ్య నైలాన్ వలలు వచ్చాక నాకు పని పెరిగింది, వల నీట మునగడానికి సీసం కరిగించి గుళ్లు పోసి, గుప్పెడు బుగ్గన పెట్టుకుని, ఒక్కొక్కటే నాలుకతో ముందుకు తెచ్చి వలతాడు మీద పంటితో కొరికి బిగించేవాణ్ణి, అది మాకు తాతలనాటి అలవాటు. తర్వాత కడుపు మెలిపెట్టే నొప్పి, ఊరికే కోపం, మరుపు! గ్రంథాలయంలో అరలన్నీ చదివానని చెప్పుకునే నేను చదివిన పుటే మూడుసార్లు చదివేవాణ్ణి, కన్నకూతురి పేరు కోసం తడుముకునేవాణ్ణి!

అందరూ చిల్లంగి, చేతబడి అన్నారు, ఒంటరిగా బతుకుతున్న మా మేనత్త నూకాలమ్మ పేరు చెప్పారు.

"ఒరే తమ్ముడూ, సోమారం దాని పళ్లు రాలగొట్టీసామంటే మంత్రం నోట్లోనే సచ్చిపోద్ది" అన్నాడు మా అన్న.

మందిరానికి వెళ్లే నేను, అయ్యో, తల ఊపాను!

ఆదివారం మందిరంలో ఆరాధన జరుగుతుంటే మనసు నిలవలేదు. "ప్రభువా, చెయ్యి ఇవ్వకపోయినా సరే, నిజం చూపించు" అని ఏడ్చాను. ఇంటికొచ్చి గ్రంథాలయం నుంచి తెచ్చిన ఆరోగ్య పుస్తకం తెరిస్తే, సీసంతో పనిచేసేవాళ్ల జబ్బు గురించి ఉంది: అది మెదడునూ నరాలనూ పట్టేస్తుందట, మణికట్టు వాలిపోతుందట, చిగుళ్ల వెంట నీలపు గీత పడుతుందట! నా భార్యకు నోరు తెరిచి చూపించాను.

"ఏటి మావా, నేరేడుపళ్లు తిన్నావేటి? సిగుళ్లెంట నీలిగీత ఉన్నాది!"

పరుగున అన్న దగ్గరికి వెళ్లాను. "రాలగొడితే నా పళ్లే రాలగొట్టు, ఇసం నా నోట్లోనే ఉన్నాది!"

"పొత్తకాలు సదివి నీకు పిచ్చెక్కిందిరా" అన్నాడు గాని, సోమవారం అత్త గుమ్మానికి పోకుండా నాతో రైలెక్కి ఆస్పత్రికి వచ్చాడు. డాక్టరుగారు చిగుళ్లు చూసి అదేనన్నారు, మందులిచ్చి, సీసం ముట్టవద్దన్నారు. నెలల మీద చెయ్యి లేచింది. మరుపు పూర్తిగా పోలేదు, అందుకే ఈ సాక్ష్యం కాగితం మీద రాసుకొచ్చాను. అన్న ఇప్పుడు గుళ్లు పట్టకారుతో బిగిస్తున్నాడు.

అత్త కాళ్ల మీద పడి అంతా ఒప్పుకున్నాను. "నా పళ్ల జోలికొచ్చుంటే నీ రెండో సెయ్యి కొరికీదాన్రా, సచ్చినోడా!" అని నన్ను లేవనెత్తింది. అదిగో, ముందు వరుసలో కూర్చుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది, దేవునికే మహిమ!

సహోదరులారా, మీ బాధకు కారణం పొరుగింట్లో వెతక్కండి. ఆయన పాదాల దగ్గర మీ నోరు తెరవండి, నిజం ఆయనే చూపిస్తాడు.