యాలావే జాబితాలో ఒదీలియా పేరు

ఒదీలియా పుట్టడమే పొడుగ్గా పుట్టిందని వాళ్ళ పిన్ని ఫ్లావియానా చెబుతుంది. ఆవిడ చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మాలి. కానీ పన్నెండేళ్ళకే ఆ పిల్ల తల ఇంటి గుమ్మానికి కొట్టుకుందన్నది మాత్రం నిజం. ఆ బొప్పిని ఊరంతా వచ్చి చూసింది.

యాలావేలో పిల్లలకు బాస్కెట్‌బాల్ తప్ప వేరే ఆట లేదు. మెక్సికోలోని ఆ ఒహాకా కొండల్లో బంతిని కాలితో తన్నితే అది కింది ఊళ్ళో తేలుతుంది. చదునైన చోటంటూ ఉంటే అది చర్చి ముందరి బాస్కెట్‌బాల్ కోర్టే. కాఫీ గింజలు ఎండేది, పెళ్ళిళ్ళలో బ్యాండు మోగేది అక్కడే. గింజలు ఎత్తేశాక ఆట మొదలవుతుంది. ఫ్లావియానా పాత పావడా మోకాళ్ళదాకా ఎగదోపి, ఉత్త కాళ్ళతో దిగి, అక్క కూతురికి ఆట నేర్పింది. ఒదీలియాకు పద్దెనిమిదేళ్ళప్పుడు పక్క ఊరి జాతర పోటీలో యాలావే ఆడవాళ్ళు ఐదుగురు బహుమతి కోడెను గెలుచుకుని, బ్యాండు మేళంతో తోలుకొచ్చారు.

ఆ జాతరకు వచ్చిన పట్నం కోచ్ ఒకాయన ఒదీలియాను చూసి నోరు తెరిచాడు. అక్కడి నుంచి ఆమె రాత మారిపోయింది. ఉత్తరాది క్లబ్బులో తొమ్మిది సీజన్లు, అర్జెంటీనాలో రెండు, మళ్ళీ ఉత్తరాదిలో ఐదు. రింగు కింద ఆమె చేతికి చిక్కిన బంతి మళ్ళీ ఇంకొకరి చేతికి పోయేది కాదు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. యాలావే కాఫీ కొట్లో వాటిని గోడకు అంటించారు.

ముప్ఫై నాలుగో ఏట మోకాళ్ళు మొండికేశాయి. ఇంకొక్క సీజన్ రమ్మని క్లబ్బు అడిగింది. సరేనంది కానీ, ఆమె మనసంతా కొండల కప్పు పోటీ మీదే ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆడే ఆ కప్పులో కిరాయి ఆటగాళ్ళు పనికిరారు. ఊరి మనిషేనని ఊరి పెద్ద సంతకం పెట్టాలి. పదహారేళ్ళుగా అది ఆమె సీజన్ మధ్యలోనే వచ్చి పడుతోంది. ఈసారి కుదిరింది. ఒక్కసారైనా పిన్ని కోచ్‌గా ఉండగా, యాలావే చొక్కా వేసుకుని ఆడాలి.

ఊరి పెద్ద ఎలాదియో ఆమె సంతకానికి తెచ్చిన జట్టు జాబితాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్నేళ్ళయిందే నువ్వు ఊరి పనికి పార పట్టి?"

"నేనెక్కడున్నాను మామా పట్టడానికి! అందుకేగా కోర్టులో రింగులకి ఆ అద్దాల బోర్డులు రెండూ పంపించింది?"

"పంపావు. దండేసి ఫొటో కూడా తీయించాంగా. బయటివాళ్ళిచ్చినా దండేస్తాం. ఊరి మనిషైతే పార ఇస్తాం."

"పోనీ నా బదులు కూలీని పెడతాను."

"కూలీ వస్తే కూలీ పేరే రాస్తా జాబితాలో. ఆడమను వాణ్ణి!"

బయట వింటున్న ఫ్లావియానా పడీ పడీ నవ్వింది. సొంత పిన్నయినా నవ్వకుండా ఉండలేకపోయింది పాపం.

కొండ మీద ఇంటికొకరు చొప్పున ఊరివాళ్ళే కూలి లేకుండా నీళ్ళ ట్యాంకు కడుతున్నారు. మూడు వారాలు ఒదీలియా రాళ్ళు మోసింది, సిమెంటు కలిపింది. ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమే స్టారూ, ఆ రాయిని రింగులో వేస్తావేంటి? కింద పెట్టు!"

"ఒంగమ్మా ఒంగు, పార పొట్టిదైతే మేమేం చేస్తాం!"

మధ్యాహ్నం వాళ్ళే పక్కన కూర్చోబెట్టుకుని, బీన్సు పెట్టిన వేడి మొక్కజొన్న రొట్టెలు ఒకటి తిన్నాక ఇంకొకటి చేతిలో పెట్టారు. ఎలాదియో కప్పు పోటీల ముందు రోజు సంతకం పెట్టాడు.

తీరా ఫైనల్ నాటికి ఆమె అరచేతులు బొబ్బలతో పుండయ్యాయి. గుడ్డ చుట్టుకుని ఆడింది. బంతి జారిపోతోంది. అవతలి ఊరి గుంపులోంచి "కిరాయి మనిషి! కిరాయి మనిషి!" అని కేకలు. ఆఖరి నిమిషంలో రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. రెండూ రింగుకు కొట్టుకుని బయట పడ్డాయి. ఒక్క పాయింటుతో యాలావే ఓడింది.

ఫ్లావియానా ఆమె చేతులు చూసి, "కూలీని పంపినా బాగుండేది, వాడైనా ఒకటి వేసేవాడు," అంది. ఒదీలియా నవ్వింది గానీ లోపల కుమిలిపోయింది. ఆ సంతకం గెలిపిస్తానని పెట్టారా, ఊరి మనిషినని పెట్టారా? గెలిపించలేదుగా, ఇక నేనెవరికి కావాలి?

ఆదివారం ఊరి సభ జరిగింది. వచ్చే ఏడాదికి ఊరి కొలువులు పంచే రోజది. జీతం ఉండదు. కబుర్లు మోయాలి, తప్పిపోయిన దూడల్ని తోలుకురావాలి, తాగి కొట్టుకునేవాళ్ళని విడదీయాలి. అందుకే పేరు పిలిస్తే చాలు, అందరికీ నడుం నొప్పి గుర్తొస్తుంది. ఒదీలియా వెనక గోడకు ఆనుకుని వేడుక చూస్తోంది.

"బంట్రోతు కొలువు," అని చదివాడు ఎలాదియో. "ఒదీలియా."

ఆమె ఎగిరిపడింది. "మామా! నాకు సీజనుంది! మోకాళ్ళు నొప్పులు!"

"ఆవిడక్కూడా నొప్పులే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. సభంతా ఘొల్లుమంది. ఒదీలియానే పెట్టాలని ఫ్లావియానా అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఆ వెనకే వంద చేతులు లేచాయి. ఊరికి కానివాళ్ళను ఎవరూ ఈ పనికి పిలవరు. అది తట్టగానే ఒదీలియా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ముందుకు నడిచి ఎలాదియో చేతిలోంచి బంట్రోతు కర్ర అందుకుంది.

మర్నాడు క్లబ్బుకు ఫోన్ చేసి, రావడం లేదని చెప్పింది. మేనేజరు కంగారుపడ్డాడు.

"ఏ జట్టు లాక్కుపోయింది నిన్ను? ఎంతిస్తామన్నారు?"

"ఏమీ ఇవ్వరు సార్," అంది ఒదీలియా. "అన్నం కూడా ఇంటి నుంచే తెచ్చుకోవాలి."