అక్క కోసం వేయించిన సీటు

లావు టైర్ల చవక ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాక, ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు వంగని మా అక్క కోసం వెనుక వెడల్పాటి సీటు, కాళ్లు చాపుకునేందుకు ఇనుప పట్టీలు వెల్డింగ్ చేయించాను. అక్క పోయి నెల అయింది. ఈ రోజు అవి తీయించడానికి మర్రిగూడలో అదే దుకాణానికి వెళ్లాను.

వెల్డింగ్ చేసే యాదయ్యకు విషయం తెలియదు. "గిదంత తీసేస్తే అక్క యాడ కూసుంటది తమ్మీ?" అన్నాడు.

"ఇగ కూసోదన్నా. పోయింది." టైర్లలో గాలి గురించి చెప్పినంత మామూలుగా చెప్పాను.

ఆయన కటర్ పక్కన పెట్టేశాడు. "జర ఆగి తీద్దాం తియ్. ఇనుమేం పాడు గాదు."

సరేనని వచ్చేశాను. ఏడుపు రాలేదు. దారిలో కూరగాయలు కొని, సంచి ఆ సీటు మీద పెట్టబోయి హ్యాండిల్‌కు తగిలించుకున్నాను. ఎందుకో నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.