నరసమ్మ మూడు వేళ్లు

ఒక పగలంతా నేను రోగి చేతిని తప్పుచోట నొక్కుతూ కూర్చున్నానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను, అంతే. తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె తనంతట తానే కనిపెట్టింది.

అది 1938. ఆదోనిలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నాను. ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే నరసమ్మను ఆమె అత్త లక్ష్మక్క ఎద్దులబండిలో తీసుకొచ్చింది. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు, మూడో నెల. ఎనిమిది రోజులుగా మంచినీళ్లు కూడా లోపల ఆగడం లేదు. మర్నాటి సాయంత్రానికి ఏదీ ఇమడకపోతే బళ్లారి పెద్దాసుపత్రికి పంపాలని, తల్లి బతకాలంటే బిడ్డను వదులుకోవలసి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది.

మా హెడ్ నర్సు దొరసాని అంతకుముందు చైనాలో పనిచేసింది. అక్కడి వైద్యులు ‘నైగ్వాన్’ అనే చోట సన్నటి సూది గుచ్చుతారట. లోపలి వాకిలి అని ఆ పేరుకు అర్థం. వాంతులకు, గుండెదడకు, నిద్ర పట్టకపోవడానికి ఆ చోటే చూస్తారట. మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడువేళ్ల వెడల్పు కొలవాలి. అక్కడ తీగల్లా తగిలే రెండు నరాల మధ్య నొక్కాలి. సూది మన పని కాదు, బొటనవేలు చాలు అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఎవరి వేళ్లు అని అడగలేదు. నా వేళ్లతోనే కొలిచాను.

ఆ పగలంతా నొక్కినా బార్లీ నీళ్లు సైతం బయటికి వచ్చేశాయి. మర్నాడు పొద్దున లక్ష్మక్క నా పక్కన చతికిలబడి నా చేతులవంకే చూసింది.

"ఎవురి యేళ్లతో కొలిసినావు సిస్టరమ్మా?"

నావేనని గొణిగాను.

"నీవి పుల్లలు. దానివి మగ్గమేసిన యేళ్లు. మా కాడ సీర ఎవురి మూరతో మొదులుపెడితే సివరిదాకా వాళ్లే కొలవల్ల. సెయ్యి మారితే సీర కురసయితాది."

నరసమ్మ కుడిచేతి వేళ్లు మూడింటినీ లక్ష్మక్కే తీసి ఎడమ మణికట్టు మీద పరిచింది. మనిషి చిక్కినా వేళ్ల వెడల్పు తగ్గలేదు. అసలు చోటు నేను నొక్కినదానికి అరంగుళం పైన తేలింది. అక్కడ నొక్కగానే నరసమ్మ కళ్లు తెరిచి, అరచేతిలోకి జుమ్మంటాంది అంది.

కాసేపటికి కొర్రగంజి రెండు చెంచాలు పోసి, ముగ్గురం గోడగడియారం చూస్తూ కూర్చున్నాం. అరగంటయినా గంజి లోపలే ఉంది. మధ్యాహ్నం మజ్జిగ అడిగింది. సాయంత్రం జొన్నరొట్టె, కారంకారంగా ఊరిబిండి పచ్చడి కావాలంటే డాక్టరమ్మ నవ్వుతూ రొట్టెకు మాత్రం ఒప్పుకుంది. బళ్లారి రైలు మమ్మల్ని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

దొరసాని నా చేతిచలవను మెచ్చుకుంటుంటే లక్ష్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా తప్పును మాత్రం బయటపెట్టలేదు.

తర్వాత ఎందరికో ఆ చోట నొక్కాను. కొందరికి గుణమిచ్చింది, కొందరికి లేదు. కొలిచే ముందు వాళ్ల చెయ్యి అడిగి తీసుకోవడం మాత్రం ఎన్నడూ మరవలేదు.

నరసమ్మ ఇంటికి పోయిన రోజు, కోడలిని బండిలో కూర్చోబెట్టి లక్ష్మక్క వార్డంతా వినేటట్టు నాతో అంది:

"నువ్వు పెండ్లి జేసుకోని, వాంతులు మొదులైన దినం నాకు కబురంపు సిస్టరమ్మా. నీ యేళ్లతో నేనొచ్చి కొలుస్తా."