వాయుగుండంలో నా సైన్సు శిబిరం

మనిషికి కెమిస్ట్రీ డిగ్రీ ఉండి, చేతిలో సెలవులుండి, బయట వాన కురుస్తుంటే ఎంత ప్రమాదమో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ మూడూ కలిసొచ్చిన ఒక దసరా సెలవుల్లో నేను నిక్షేపంలాంటి పెళ్లి సంబంధాన్ని దాదాపు కృష్ణలో కలిపేశాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మీకేం, పోయిన పరువు నాది కదా.

పటమటలో మాది అపార్ట్‌మెంటు. నేను పనిచేసేది ఇన్సూరెన్సు ఆఫీసులోనే అయినా, నాలో ఒక శాస్త్రవేత్త మగ్గిపోతున్నాడని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. మూఢనమ్మకాలంటే ఒళ్లు మంట. కారుకు నిమ్మకాయలు కట్టినవాడు లిఫ్టులో దొరికితే చాలు, పై అంతస్తు వచ్చేదాకా క్లాసు పీకేవాణ్ణి. కొన్నాళ్లకు జనం నన్ను చూడగానే మెట్ల వైపు తిరగడం మొదలుపెట్టారు. ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది కాబోలనుకుని సంతోషించాను. చూశారా, అంత తెలివి నాది.

ఆ ఏడు సెలవులు ఇచ్చారో లేదో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. తెరిపి లేని వాన. సెల్లారులో మోకాలి లోతు నీళ్లు. పిల్లలంతా ఇళ్లలోనే సెల్‌ఫోన్లకు అతుక్కుపోయారు. నేను ఊరుకుంటానా? మా ఇంట్లో పిల్లలకు సైన్సు శిబిరం పెడుతున్నానని, ఫోన్లు నిషిద్ధమని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ప్రకటించాను. తల్లులంతా నిమిషాల మీద దండాల బొమ్మలు పంపించారు. నా విజ్ఞానానికి గౌరవం అనుకున్నాను. కాసేపు పిల్లల పీడ వదులుతుందన్న ఆనందమని తర్వాత తెలిసింది.

మా ఆవిడ పద్మ ఒక్కటే మాట అంది. "ఏవండీ, రేపు ఎదురింట్లో పెళ్లిచూపులు. మీ ప్రయోగాలేవో మన గడప లోపలే ఏడవనివ్వండి."

ఎదురింటి సుబ్బారావు గారి అమ్మాయి శిరీష. అబ్బాయి ఆమెతో పాటే ఆఫీసులో పనిచేస్తాడు, ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దవాళ్లూ సరేనన్నారు. ఇక తేలాల్సింది హనుమాన్ జంక్షన్‌లో ఉండే అబ్బాయి నాయనమ్మ సంగతి. ఆవిడ ఊఁ అంటేనే పెళ్లి. పిల్లి ఎదురొచ్చిందని సంబంధానికి బయల్దేరిన కారును సగం దారిలో వెనక్కి తిప్పించిన మనిషట. ఏమవుతుందోనన్న బెంగతో శిరీషకు అన్నం కూడా సహించడం లేదని పద్మ చెప్పింది. నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. నా బుర్ర నిండా ఆమ్లాలూ క్షారాలూ.

మర్నాడు శిబిరం బ్రహ్మాండంగా సాగింది. పసుపు నీళ్లలో కిళ్లీ సున్నం కలిపితే ఎర్రగా మారాయి. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగుకొచ్చాయి. పిల్లలు నోళ్లు తెరిచారు. తర్వాత నిమ్మరసంతో కాగితం మీద, మీకు బాగా ఇష్టమైనవాళ్ల పేరు రాయమన్నాను. ఆరబెట్టి కొవ్వొత్తి సెగ చూపిస్తే కనిపించని అక్షరాలు గోధుమరంగులో బయటపడతాయి కదా. బయటపడ్డాయి. అందరూ రాసింది ఒకటే పేరు, శిరీష. మరి ఆ అమ్మాయి ఎప్పుడు కనబడ్డా చాక్లెట్లు పంచుతుంది. నేను నేర్పుతున్నది చదువు. చదువుకు, చాక్లెట్లకు పోటీ పెడితే ఏది గెలుస్తుందో మీకు తెలియనిది కాదు.

అంతలో పద్మ వచ్చి హాలు చూసింది. వెళ్లి చీపురు తెచ్చింది. నేను గబగబా ఎర్రనీళ్ల పళ్లెం, పిండేసిన నిమ్మచెక్కలు, అంచులు మాడిన కాగితాలు అన్నీ ఎత్తి బయట వరండాలో పెట్టాను. కాస్త ఎదురింటి వైపు జరిగాయేమో, నేను గమనించలేదు. పెట్టినవాణ్ణి పెట్టి ఊరుకోక పిల్లలకు ముగింపు ఉపన్యాసం కూడా ఇచ్చాను. "సైంటిస్టు అన్నవాడు ఎవరు చెప్పిందీ నమ్మకూడదర్రా. పసుపు ఎక్కడ కనబడితే అక్కడ సున్నం నీళ్లు పోసి మీరే పరీక్ష చేయండి." ఆ మాట చెప్పి స్నానానికి వెళ్లాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను కోతిదండునే తయారు చేశాను.

ఆ వానలో పిల్లలకు పసుపు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? పెళ్లివారు వస్తున్నారని సుబ్బారావు గారి భార్య అప్పుడే నిండుగా పసుపు రాసిన గడప ఎదురుగా ఉంది. పిల్లలు శ్రద్ధగలవాళ్లు. ఒక్క అంగుళం కూడా వదలలేదు.

నేను తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి లిఫ్టు తెరుచుకుంది. సుబ్బారావు గారు ముందు, వెనక అబ్బాయి, అతని చెయ్యి పట్టుకుని నాయనమ్మ. ఆవిడ గడప చూసింది. నెత్తురు పోసినట్టు ఎర్రగా ఉంది. దాని ముందు పళ్లెంలో ఎర్రనీళ్లు, చుట్టూ నిమ్మచెక్కలు. అబ్బాయి వంగి ఓ కాగితం తీశాడు. మాడిన అక్షరాల్లో శిరీష పేరు. ఇంకోటి తీశాడు. అందులోనూ శిరీషే. తలుపు సందులోంచి చూస్తున్న శిరీష మొహం పాలిపోయింది.

"పదరా పోదాం. ఈ పిల్లకి ఎవరో గట్టిగానే చేశారు," అంది నాయనమ్మ.

అప్పుడైనా నేను నోరు మూసుకోవాలా వద్దా? తువ్వాలు భుజాన వేసుకుని ముందుకు వెళ్లాను. "అమ్మా, మీరు కంగారు పడకండి. ఇదంతా నేనే చేశానండీ."

ఆవిడ మనవడి వెనక్కి జరిగింది. నేను క్షారం అన్నాను, సూచిక అన్నాను, ఏదీ ఎక్కడం లేదు. ఇలా కాదని ఓ నిమ్మచెక్క తీసి గడప మీద పిండాను. అందరూ చూస్తుండగా ఎరుపు పోయి బంగారంలాంటి పసుపు వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సైన్సు గెలిచిందని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

నాయనమ్మ గడపను చూసింది, నన్ను చూసింది. గొంతు మెత్తబడింది. "విరుగుడు తెలిసినవాడివే నాయనా. మరి మంత్రం చదవలేదేం?"

"మంత్రం ఏమీ లేదండీ, ఇది వట్టి..."

"మంత్రం లేకుండా తీస్తే మళ్లీ తగులుకుంటుంది. చదువు. చదివితేనే నేను లోపలికొచ్చేది."

లిఫ్టు ఉపన్యాసం మొత్తం నా నాలుక చివరికి వచ్చింది. అప్పుడే శిరీష తలుపు తీసి చేతులు జోడించింది. దేవుడికి కాదు, నాకు. "అంకుల్, ఏదో ఒకటి చదవండి," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నిమ్మచెక్కలు పట్టుకుని పిల్ల బతుకుతో ఆడుకున్నానే అనిపించి సిగ్గేసింది.

కళ్లు మూసుకున్నాను. నాకు కంఠతా వచ్చింది ఒక్కటే. రాగం తీసి అందుకున్నాను. "హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం..." ఒక్కో మూలకానికీ ఒక్కో నిమ్మచుక్క. ఫాస్ఫరస్ దగ్గర నాయనమ్మ చేతులు జోడించింది. కాల్షియం దగ్గర కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచింది. కాఫీలు చల్లారకముందే సంబంధం ఖాయమైంది.

శిరీష ఇప్పుడు హాయిగా కాపురం చేసుకుంటోంది. నా సంగతే బాగాలేదు. లిఫ్టులో ఇప్పుడు అందరూ నాతోనే ఎక్కుతున్నారు, పిల్లాడికి దిష్టి తీయమని. చల్లపల్లి నుంచి ఒకాయన కొత్త లారీ తీసుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు.

అదీ భరించేవాణ్ణి. శిబిరం పెట్టిన రోజు సాయంత్రం మూడో అంతస్తు చింటూ వాళ్లమ్మ గ్రూపులో పెట్టిన వీడియోనే నన్ను చంపేసింది. శిబిరంలో ఏం నేర్చుకున్నావని ఆవిడ అడిగింది. సున్నం పోస్తే పసుపు ఎర్రగా అవుతుందని, నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపవుతుందని వాడు గడగడా చెప్పాడు. నా కష్టం ఊరికే పోలేదని కళ్లు చెమర్చాయి.

"ఎందుకలా అవుతుంది నాన్నా?"

"హైడ్రోజన్ మంత్రం చదువుతాం కదమ్మా, అందుకు."

కాబట్టి సకల మూలకాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై వాయుగుండం పట్టినా, తుఫాను మచిలీపట్నంలో కాక మా హాల్లోనే తీరం దాటినా, నేను పిల్లలకు సైన్సు చెప్పను. వాళ్ల మానాన ఫోన్లు చూసుకోనివ్వండి. ఛార్జర్లు నేనే ఇస్తాను.