కొనకుండా వచ్చిన కూర వాసన

చేతికి పుంటికూర, అదే గోంగూర, వాసన ఇంకా పోలేదు. నిన్న పొద్దున గట్టు మండలంలోని ఒక ఊళ్లో, ఈరమ్మ దుకాణంలో ఆ కట్టను చేతిలోకి తీసుకున్నాను. ఆకుల మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. వాసన చూశాను, అటూ ఇటూ తిప్పాను, మళ్లీ గంపలో పెట్టేశాను. అప్పటికి దుకాణంలో బోణి కాలేదు. తెల్లవారి మొదటి బేరానికి వచ్చినవాడు సరుకు ముట్టుకుని వట్టి చేతులతో పోతే ఆ రోజంతా గిరాకీ ఉండదని మా పాలమూరు వైపు పట్టింపు. అది తెలియనివాణ్ని కాదు. అయినా ఆ తప్పు చేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. గద్వాలలో మహిళా పొదుపు సంఘాల సమాఖ్యలో నా ఉద్యోగం. కూరగాయలు, పప్పులు, గుడ్లు దొరకని ఊళ్లలో అక్కడి ఆడవాళ్లతోనే దుకాణాలు పెట్టించి అప్పులిప్పిస్తాం. ఈరమ్మ దుకాణం అలా పుట్టిందే. ఇప్పుడామె ఫ్రిజ్ కోసం రెండో అప్పు అడుగుతోంది. అది రాకపోతే వచ్చే ఎండాకాలం కూరలు తేవడం మానేస్తానని ముందే చెప్పింది. ఆమె మానేస్తే ఆ ఊరివాళ్లు ఆకుకూర కోసం మళ్లీ వారం సంత దాకా ఆగాల్సిందే. ఇవన్నీ తెలిసే, అప్పు తేల్చే కమిటీకి ముందు దుకాణం చూడడానికి వెళ్లాను. వెళ్లేసరికి గుమ్మానికి చిప్స్ ప్యాకెట్ల దండలు తోరణాల్లా ఊగుతున్నాయి. "ఇవి అమ్ముకోవడానికా మేం అప్పిచ్చింది? వీటికి ఫ్రిజ్ ఎందుకు?" అన్నాను, పత్తి చేలకు పోయే కూలీల ముందు. ఈరమ్మ కొంగుతో తక్కెడ తుడుస్తూ నిలబడింది. సద్దిగిన్నె పట్టుకున్న ఒకామె మాత్రం పక్కామెతో నాకు వినబడేటట్టే అంది: "సార్‌కు కోపం జేసుకొనీకె చెయ్యొచ్చింది గని, కూర కొననీకె రాలే."

బస్సెక్కి కూర్చున్నాక ఎందుకో చెయ్యి ముక్కు దాకా పోయింది. పచ్చని పులుపు వాసన. కిటికీ బయట పత్తి చేలు మంచులో తేలుతున్నట్టున్నాయి. ఆ తెలుపులోంచి మాణిక్యమ్మ మేడం నడిచి వచ్చినట్టే అనిపించింది, చంకకు సంచితో.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. నడిస్తే చెప్పులు టపటపమనేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆమే మా మేనేజరు. మొదటిసారి నన్ను వీపనగండ్ల వైపు ఒక కొత్త దుకాణానికి తీసుకుపోయారు. నేను ఫైలు పట్టుకుని పప్పు డబ్బాలు ఒక్కొక్కటీ వంగి వంగి చూస్తున్నాను. దుకాణం పెట్టినామె అత్త అరుగు మీద కూర్చుని నా వాలకం చూస్తూనే ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగింది: "మేడం, గీ పిలగాడు సరుకు కొననీకె వచ్చిండా, మా దుకాణానికి పెండ్లిచూపులకొచ్చిండా?" మేడం అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ నవ్వులోనే సంచి విప్పి కందిపప్పు, తోటకూర, గుడ్లు తీసుకుని డబ్బులిచ్చారు. ఆ ముసలామె ఇంట్లోనే వండించి మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టారు. తోటకూర పప్పులో జొన్నరొట్టె ముంచుకుంటూ నాతో అన్న మాట: "మనం తినని దుకాణానికి అప్పెట్ల ఇస్తం శీనూ? సంచి లేకుండ పోయినవంటే నువ్వు కొననీకె పోలేదు, తీర్పు చెప్పనీకె పోయినవన్నట్టు."

ఆ తర్వాత ఎన్ని దుకాణాలకు తిరిగామో. ఎక్కడికి పోయినా ముందు బోణి, తర్వాతే మాట. అప్పిచ్చేవాళ్లే మొదటి గిరాకీ కావాలని ఆమె పట్టుదల. వచ్చేటప్పుడు జీపులో కొత్తిమీర, మెంతి, తడిసిన గోనె వాసనలు కలిసిపోయి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతున్నామో మరిచిపోయేవాణ్ని. ఒకరోజు బీచుపల్లి వంతెన మీద జీపు ఆపించారు. కింద కృష్ణ కదులుతున్నట్టే లేదు. గట్టున ఎవరో వేసిన కూరమళ్లు పచ్చగా మెరుస్తున్నాయి. అటే చూస్తూ, నాతో కాదన్నట్టు మెల్లగా చెప్పారు. చిన్నప్పుడు ఆమె అమ్మానాన్నలు కూలీలను తోలుకుపోయే మేస్త్రీ వెంట పూణేకు మట్టి పనికి పోయేవాళ్లట. "మేస్త్రీ దుకాణంల బియ్యం, కారం, ఉల్లిగడ్డ. గంతే. పచ్చటిది కంటికి కనవడకపోయేది. మా అమ్మ నిద్రల చేతులు ఆడిస్తుండె శీనూ. ఏంది గట్ల జేస్తవే అంటే, కలల కూర ఏరుతున్న బిడ్డా అనేది." గద్వాల వచ్చేదాకా నీళ్ల మీద ఎక్కడో ఎవరివో వేళ్లు ఆకులు తుంచుతున్నట్టు, ఆ కల నాకే వచ్చినట్టు ఉండిపోయాను.

నన్ను ఎక్కువగా కుంగదీసింది ఇంకో జ్ఞాపకం. నాగర్‌కర్నూల్ అవతల నల్లమల అంచున ఒక దుకాణం. అక్కడా ఇవే చిప్స్ దండలు. మేడం ఇక విరుచుకుపడతారనుకున్నాను. ఆమె ఒక ప్యాకెట్ తెంపి, చించి, నోట్లో వేసుకుని, "ఉప్పు మంచిగనే కొట్టిండ్రు" అని నవ్వారు. దుకాణం పెట్టినామె భర్త సిగ్గుపడి తల గోక్కున్నాడు. "ఏం జెయ్యాలె మేడం? కూర పొద్దుగూకేవరకు వాడిపోతది. పారేసిన కూరకైన నష్టం గీ ప్యాకెట్లతోనే పూడుతది. గివి తీసేస్తే కూర తేనీకె పైసలుండవు." మేడం నవ్వడం మానేశారు. జీపెక్కాక, "ఆయన తప్పేం లేదు. కూరలకు డబ్బులిచ్చి, అవి నిలువుండనీకె ఇయ్యలే మనం" అన్నారు. ఆ నెల కమిటీలో ఆ దుకాణం ఫ్రిజ్ కోసం ఆమె అందరితో కొట్లాడారు. పక్కన కూర్చుని కాగితాలు అందించింది నేనే. ఫ్రిజ్ వచ్చాక ప్యాకెట్ల దండ లోపలి మేకుకు పోయింది, గడప దగ్గర పిల్లల చేతికందే ఎత్తులో ఉడకబెట్టిన పల్లీల గిన్నె వచ్చింది. అదంతా కళ్లారా చూసిన మనిషినే నిన్న ఈరమ్మను నిలదీశాను.

రిటైరైన రోజు ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. తన పాత చీరతో కుట్టిన సంచి ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఇప్పుడామె లేరు. ఆ సంచిని నేను ఉతికి, ఇస్త్రీ చేసి, బీరువాలో దాచాను. గౌరవమనుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్క దుకాణానికీ దాన్ని తీసుకుపోలేదు. ఎప్పుడు మొదలైందో తెలియదు, నా చేతిలో మళ్లీ ఫైలే మిగిలింది.

ఈ తెల్లవారుజామున బీరువా తీసి సంచి భుజాన వేసుకుని మొదటి బస్సు పట్టుకున్నాను. ఈరమ్మ అప్పుడే గంపల మీది గోనె తీస్తోంది. నిన్నటి ఆడవాళ్లూ ఉన్నారు. "నిన్న నేను చేసింది తప్పమ్మా. బోణి చెడగొట్టాను, పదిమందిలో నిన్ను చిన్నబుచ్చాను. నిన్న పట్టుకుని వదిలేసిన ఆ కట్టే ఇయ్యి" అన్నాను. ఈరమ్మ గంప ముందుకు జరిపింది. "గది ఇంకా ఉంటదా సార్? మేకకేసిన." సద్దిగిన్నె ఆమె అందుకుంది: "మేక బోణి జేసింది పో!" అందరూ నవ్వారు. ఈరమ్మ కూడా నవ్వి, కొత్త కట్టలు నీళ్లలో ముంచి తీసి సంచిలో వేసింది. కొన్ని పల్లీలు, గుడ్లు కూడా తీసుకున్నాను. నేనిచ్చిన డబ్బులు ఆమె కళ్లకద్దుకుని గల్లాలో వేసింది. తర్వాత నేనేమీ అనకముందే, "దండలు లోపల గడ్తలే సార్, ఫ్రిజ్ రానీ" అంది. "వచ్చేదాకా అక్కడే ఉండనీ ఈరమ్మా" అన్నాను.

అక్కడి నుంచి నేరుగా గద్వాల కమిటీకి వెళ్లాను. వద్దని చెప్పాలని నిన్న ఆ దండలు చూడగానే అనుకున్న దుకాణం గురించి, కావాలని చాలాసేపు మాట్లాడాను. ప్యాకెట్ల సంగతి దాచలేదు, నా సంగతీ దాచలేదు. మధ్యలో అధ్యక్షురాలు బల్ల కిందికి వంగి, "ఏంది సార్, నీళ్లు కారుతున్నయ్?" అన్నారు. కూర సంచి. తీసి బల్ల మీద పెట్టాను. ఆమె ఒక కట్ట పైకి తీసి వాసన చూసి, పక్కామెకు అందించారు. అది చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. ఫ్రిజ్‌కు ఒప్పుకున్నారు.

ఇంటికొచ్చి చూస్తే సంచి అడుగున మట్టి మరక. ఆమె చీర మీది చిన్న పూలు ఎర్రమట్టిలో తడిసి ఉన్నాయి. ఉతికాను, పూర్తిగా పోలేదు. ఇక అది బీరువాలోకి పోదు. తలుపు పక్కన, చెప్పులు వేసుకునేటప్పుడు చేతికందే మేకుకు తగిలించాను.